పల్స్: ఎర్రదీపం ఆరిపోయాక కూడా వింటున్న రికార్డు

బ్రిటిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ 1994 పర్యటనలో రికార్డు చేసి 1995లో విడుదల చేసిన 'పల్స్' అనే రెండు సీడీల లైవ్ ఆల్బమ్ నా దగ్గర దాదాపు మూడు దశాబ్దాలుగా ఉంది. అట్టపెట్టె అంచున గుండె కొట్టుకున్నట్టు వెలిగి ఆరే చిన్న ఎర్రదీపంతో వచ్చిన ముద్రణ అది. ఆ మిణుకు మొదట్లో ముచ్చటగా, కొన్నాళ్లకు రాత్రి నిద్రకు అడ్డంగా అనిపించింది. బ్యాటరీ అయిపోయాక మార్చడం మానేశాను. డిస్కులను మాత్రం వింటూనే ఉన్నాను, అయితే వినే తీరు పూర్తిగా మారిపోయింది. రెండో సీడీ కోసం కొన్న రికార్డును ఇప్పుడు మొదటి సీడీ కోసం తీస్తున్నాను.

రెండో సీడీని కోరుకోవడానికి కారణం చెప్పనక్కరలేదు. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పది పాటలూ వరుసగా అందులో ఉన్నాయి, వాటి వెనుక 'విష్ యూ వర్ హియర్', 'కంఫర్టబ్లీ నంబ్', 'రన్ లైక్ హెల్' ఉన్నాయి. మొదటి సీడీలోని పదకొండు పాటల్లో ఐదు అప్పటి కొత్త ఆల్బమ్ 'ది డివిజన్ బెల్'వి, రెండు అంతకు ముందరి 1987 ఆల్బమ్‌వి. బ్యాండు పాటలు ఎక్కువగా రాసిన రోజర్ వాటర్స్ వెళ్లిపోయాక వచ్చిన పాటలను సగానికి పైగా ముందే వినిపించి, జనం ఎదురుచూసే సరుకును విరామం తరువాతికి దాచుకున్నారని, అంటే చేదుమందు తాగించి చేతిలో బెల్లంముక్క పెట్టారని, చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయం తప్పని ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

నన్ను మార్చింది పాటల వరుస. 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'తో మొదలుపెట్టిన తరువాత 'ఆస్ట్రానమీ డామినీ' వస్తుంది. అది గిటారిస్టు, గాయకుడు డేవిడ్ గిల్మోర్ బ్యాండులో చేరకముందు, 1967 నాటి తొలి ఆల్బమ్ కోసం బ్యాండు తొలి నాయకుడు సిడ్ బారెట్ రాసిన పాట. మొదటిది బారెట్‌ను తలచుకుని పుట్టిన పాట, రెండోది బారెట్ సొంత పాట. ఈ రెండూ అయ్యాకే కొత్త ఆల్బమ్ నుంచి 'వాట్ డూ యూ వాంట్ ఫ్రమ్ మీ' మొదలవుతుంది. నా నుంచి మీకేం కావాలి అని అడిగే పేరున్న పాటను సరిగ్గా అక్కడ పెట్టడం యాదృచ్ఛికమో కాదో గాని, పాత పాటల కోసం వచ్చిన శ్రోతను నిలదీసినట్టే నాకు ప్రతిసారీ వినిపిస్తుంది.

అంతకంటే మంచి కూర్పు ఏడు, ఎనిమిది పాటల దగ్గర ఉంది. ఏడోది 1979 నాటి 'ది వాల్' ఆల్బమ్‌లోని 'హే యూ', గోడకు అవతల ఉన్నవారిని పిలిచే పాట. ఎనిమిదోది కొత్త ఆల్బమ్‌లోని 'ఎ గ్రేట్ డే ఫర్ ఫ్రీడమ్', బెర్లిన్ గోడ కూలిన రోజును తలచుకుంటూ మొదలై, ఆ తరువాత మిగిలిన నిరాశ దగ్గరికి చేరే పాట. స్టూడియో ఆల్బమ్‌లో నేను పెద్దగా పట్టించుకోని ఈ పాట ఇక్కడ 'హే యూ' వెనుక రావడం వల్ల పదిహేనేళ్ల కథకు రెండో భాగంలా నిలబడింది. పాత పాటను జనాన్ని మెప్పించడానికి వాడుకోవడం వేరు, కొత్త పాటకు నేల దున్నడానికి వాడుకోవడం వేరు. ఈ రెండో పని చేసిన బ్యాండ్లు నేను విన్నవాటిలో చాలా తక్కువ.

వాళ్లకూ ఇది మొదటిసారికే కుదరలేదు. 1988లో వచ్చిన వాళ్ల లైవ్ ఆల్బమ్ 'డెలికేట్ సౌండ్ ఆఫ్ థండర్' సీడీ కూడా నా దగ్గర ఉంది. దాని మొదటి డిస్కులో 'షైన్ ఆన్' తరువాత ఉన్నవన్నీ 1987 ఆల్బమ్ పాటలే, రెండో డిస్కులో ఉన్నవన్నీ పాతవే. వంటలను కలపకుండా రెండు పళ్లాల్లో వడ్డించినట్టున్న ఆ అమరికలో కొత్త పాటలు ఒకదాన్నొకటి బరువెక్కించుకుంటాయి, 'ది డాగ్స్ ఆఫ్ వార్' వచ్చేసరికి నాకు ఓపిక అయిపోతుంది. 'లర్నింగ్ టు ఫ్లై', 'సారో' రెండు రికార్డుల్లోనూ ఉన్నాయి. వాయింపులో అంత పెద్ద తేడా లేకపోయినా, చుట్టూ ఉన్న పాటలు మారడం వల్ల అవి 'పల్స్'లో తేలికగా సాగుతాయి.

కొత్తదాన్ని వేదికమీద ముందుగా వినిపించడం ఈ బ్యాండుకు పాత అలవాటేనని ఇక్కడ గుర్తు చేయాలి. ఇప్పుడు అందరూ పాత సొత్తుగా భావించే 'డార్క్ సైడ్' 1973 మార్చిలో రికార్డుగా వచ్చింది. కాని దాన్ని 1972 జనవరి నుంచే కచేరీల్లో వాయించారు. బ్రైటన్‌లో జరిగిన మొదటి కచేరీలో సాంకేతిక లోపం వల్ల 'మనీ' పాట దగ్గర ఆగిపోవలసి వచ్చింది. ఆ రోజు హాల్లో కూర్చున్నవారికి అది ముక్కూ మొహం తెలియని సరుకే. 1994లోనూ బ్రిటన్‌లో కొత్త ఆల్బమ్ విడుదలైన రెండు రోజులకే, మార్చి 30న, మయామీలో పర్యటన మొదలుపెట్టారు. అమెరికా దుకాణాలకు ఆల్బమ్ చేరింది ఆ తరువాతి వారంలో.

ఇక లోపాలు. 'డార్క్ సైడ్' భాగం మరీ నిక్కచ్చిగా ఉంది. స్టూడియో రికార్డును ముందు పెట్టుకుని గీతలు దాటకుండా రంగులు వేసినట్టు వాయించారు, 'ఆన్ ది రన్' అయితే టేపు తిప్పి వదిలిపెట్టినట్టే ఉంటుంది. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'ని ముగ్గురు గాయనులు పంచుకుని పాడడం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం, ఎందుకంటే ఆ కొద్ది నిమిషాల్లో పాట ఎటు పోతుందోనన్న కుతూహలం మిగిలి ఉంటుంది. 'రన్ లైక్ హెల్' సాగదీత నాకు భరించరానిది. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పాడిన 'వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్'కు చోటు లేకపోవడం కూడా నా ఫిర్యాదుల్లో ఉంది. కొత్త పాటల్లో అతని గొంతు ప్రధానంగా వినిపించే అవకాశం అదొక్కటే.

ఇదే పేరుతో ఉన్న వీడియో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్‌లో 1994 అక్టోబరు 20న తీసినది. 2006లో వచ్చిన దాని డీవీడీని కూడా చాలాసార్లు చూశాను. అందులో వరుస వేరు: 'హై హోప్స్' మూడో పాటగా వస్తుంది, 'ఆస్ట్రానమీ డామినీ', 'హే యూ' లేవు. వేదిక వెనుక ఉన్న గుండ్రటి తెరమీద కొత్త పాటలకు కూడా పాతవాటికి తీసిపోని ఫిల్ములు వేశారు, లైట్లలోనూ వాటికి పీనాసితనం చూపలేదు. అయినా చూడడానికి నిండుగా ఉండే ఆ వీడియోలో 'హై హోప్స్' త్వరగా వచ్చి త్వరగా వెళ్లిపోయినట్టుంటుంది. సీడీలో పదో పాటగా, ముందున్న తొమ్మిదింటి బరువుతో, అది పూర్తిగా మరో పాట. రెండింటిలో ఒకటే కొనగలిగినవారికి నేను సీడీనే చెబుతాను.

2016లో గిల్మోర్ ఇటలీలోని పాంపేలో చేసిన కచేరీల రికార్డు తెచ్చుకున్నప్పుడు, 'పల్స్'లోని 'ది డివిజన్ బెల్' ఐదు పాటల్లో మూడు అందులో కనిపించాయి: 'వాట్ డూ యూ వాంట్ ఫ్రమ్ మీ', 'కమింగ్ బ్యాక్ టు లైఫ్', 'హై హోప్స్'. ఈసారి వాటిది పాత పాటల వరుస. కొత్తవాటి స్థానంలో అతని 2015 సొంత ఆల్బమ్ పాటలున్నాయి, వాటిని నేను అప్పట్లో దాటేసి ముందుకు పోయాను. 'పల్స్' విషయంలో చేసిన పొరపాటే మళ్ళీ చేశానని తెలిసి, ఈ మధ్యనే వాటిని మొదటినుంచి వినడం మొదలుపెట్టాను. 'పల్స్' మొదటి సీడీని మాత్రం ఇప్పుడు 'హై హోప్స్' చివర వినిపించే ల్యాప్ స్టీల్ గిటార్ (ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించేది) ఆగగానే ఆపేస్తాను. పదకొండోది 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్', ఆ పూట దాని అవసరం నాకు ఉండదు.