కాండీడ్, షీ లవ్స్ మీ, మెరిలీ వి రోల్ అలాంగ్: మరుగున పడిన బ్రాడ్‌వే సంగీతంలో ఏది మేలు?

ఒక స్వరకర్త సాధించిన ఘనవిజయమే అతని మరో మంచి రచనను మరుగుపరచడం న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే సంగీత నాటకాల చరిత్రలో తరచుగా కనిపిస్తుంది. లెనర్డ్ బెర్న్‌స్టైన్ అనగానే 1957 సెప్టెంబరులో వచ్చిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ గుర్తుకు వస్తుంది గాని, దానికి పది నెలల ముందు మొదలై 73 ప్రదర్శనలతో ఆగిపోయిన ‘కాండీడ్’ చాలామందికి తట్టదు. స్వరకర్త జెర్రీ బాక్, గీత రచయిత షెల్డన్ హార్నిక్ 1964లో అందించిన ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ 3,242 సార్లు ప్రదర్శితమైంది. అదే జంట అంతకు ముందు ఏడాది రాసిన ‘షీ లవ్స్ మీ’ మూడువందల ప్రదర్శనల దగ్గరే నిలిచిపోయింది. స్టీఫెన్ సోండ్‌హైమ్ 1979 నాటి ‘స్వీనీ టాడ్’ తరువాత రాసిన ‘మెరిలీ వి రోల్ అలాంగ్’ 1981లో పదహారు ప్రదర్శనలకే మూతపడింది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చడానికి మరొక కారణం కూడా ఉంది. చివరి రెండింటి తొలి ప్రదర్శనలకు దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్. ‘కాండీడ్’ను 1970లలో మళ్లీ నిలబెట్టినవాడూ ఆయనే.

పోల్చే ముందు కొలమానం చెప్పాలి. టిక్కెట్లు ఎన్ని అమ్ముడయ్యాయన్నది నిర్మాతల లెక్క. నేను చూసేవి రెండే: ఆ సంగీతం నాటకంలో ఎంత పని చేస్తోంది, దానికి రావలసిన గౌరవంలో ఇంకా ఎంత బాకీ ఉంది.

సంగీతాన్ని విడిగా తీసి చూస్తే ‘కాండీడ్’ను మించినది ఈ మూడింటిలో లేదు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759లో ప్రచురించిన వ్యంగ్య కథను లిలియన్ హెల్‌మన్ నాటకంగా మలిచారు. అమెరికాలో కమ్యూనిస్టుల వేట పేరిట జరిగిన విచారణల మీది కోపం ఆ రచనలో ఉంది. బెర్న్‌స్టైన్ మాత్రం ఐరోపా ఆపెరెట్టాను, అంటే తేలికపాటి హాస్య ఆపెరాను, ప్రేమతోనే వెక్కిరిస్తూ టాంగో, గవాట్, వాల్ట్జ్ వంటి నృత్య బాణీలన్నిటినీ ఉల్లాసంగా కలిపేశారు. మాటలు కోపంగా ఒకవైపు నడుస్తుంటే స్వరాలు కేరింతలతో మరొకవైపు పరుగెత్తాయి. ‘గ్లిటర్ అండ్ బీ గే’ అనే పాటలో నాయిక తన దుర్దశకు ఏడుస్తూనే నగలు చూసుకుని మురిసిపోతుంది. గొంతు హై సీ అనే తారస్థాయి స్వరాన్ని దాటి, ఇంకా పైనున్న ఇ ఫ్లాట్ దాకా ఎగబాకి, ఆ ఏడుపు ఎంత నిజమో ఎంత నటనో తేల్చుకోలేని స్థితిలో శ్రోతను వదిలేస్తుంది. ముగింపు బృందగానంలో వాద్యాలన్నీ హఠాత్తుగా ఆగి గొంతులు మాత్రమే మిగిలే ఘట్టం సంగీత నాటకాలలోకెల్లా ఉదాత్తమైన ఘట్టాలలో ఒకటి.

అయినా ‘కాండీడ్’ను ఉపేక్షకు గురైన సంగీతం అనడానికి మనసొప్పదు. దాని ఓవర్చర్‌ను, అంటే నాటకానికి ముందు వినిపించే వాద్య సంగీతాన్ని, ప్రపంచంలోని సింఫనీ వాద్యబృందాలు ఏనాడో తమ సొంతం చేసుకున్నాయి. ప్రిన్స్ 1974లో కథను కొత్తగా రాయించి, వాద్యబృందాన్ని పదమూడు మందికి కుదించి బ్రాడ్‌వేకు తెస్తే 740 ప్రదర్శనలు నడిచాయి. ఆపెరా సంస్థలు కూడా దాన్ని చేరదీశాయి. ఓడిపోయింది నాటకమే. కథ రాతను ఎన్నిసార్లు మార్చినా ఈ పాటలు చెక్కుచెదరలేదంటే అది వాటి బలమే. కాని అవి ఏ కథతోనూ విడదీయరానంతగా ముడిపడలేదని కూడా దాని అర్థం.

‘మెరిలీ’ విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. ముగ్గురు స్నేహితుల కథ నడివయసు చేదు దగ్గర మొదలై, వెనక్కు నడిచి, 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను చూడడానికి మేడమీదికి ఎక్కిన యువకుల ఆశల దగ్గర ముగుస్తుంది. మామూలు నాటకంలో ఒక బాణీ ముందు పరిచయమై, తరువాత జ్ఞాపకంగా తిరిగి వస్తుంది. ఇక్కడ జ్ఞాపకమే ముందు వస్తుంది. ‘నాట్ ఎ డే గోస్ బై’ అనే పాట 1981 నాటి రూపంలో మొదట విడాకుల వేళ వినిపించి, ఆ తరువాతి అంకంలో పెళ్లినాటి ప్రమాణంగా వస్తుంది. ఈ అల్లిక ఒక్కసారి విన్నవారికి అందదు, రెండోసారి విన్నవారిని వదలదు. పైగా కుర్రనటుల చేత నడివయసు పాత్రలు వేయించి, ఎవరెవరో తెలియడానికి చొక్కాల మీద అక్షరాలు రాయించిన తొలి ప్రదర్శనలో, ప్రేక్షకులు దారి తప్పడంలో ఆశ్చర్యం లేదు. ప్రదర్శనలు ఆగిన మర్నాడే నటీనటులు స్టూడియోకు వెళ్లి పాటలన్నీ రికార్డు చేశారు. ఆ రికార్డే దాన్ని నాలుగు దశాబ్దాలు బతికించింది. అయితే 2023లో తిరిగి బ్రాడ్‌వేకు వచ్చి, మరుసటి ఏడాది ఉత్తమ పునఃప్రదర్శనతో సహా బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ పురస్కారాలు నాలుగు గెలుచుకున్నాక, దాని బాకీ దాదాపు తీరిపోయింది.

మిగిలింది ‘షీ లవ్స్ మీ’. హంగరీ రచయిత మిక్లోష్ లాస్లో 1937 నాటి నాటకం దీనికి మూలం. అదే కథ హాలీవుడ్‌లో 1940లో ‘ద షాప్ అరౌండ్ ద కార్నర్’గానూ, 1998లో ‘యూ హావ్ గాట్ మెయిల్’గానూ వచ్చింది. బుడాపెస్ట్‌లోని ఒక పరిమళద్రవ్యాల దుకాణంలో పనిచేసే జార్జ్, అమాలియా రోజంతా కీచులాడుకుంటారు. ఒకరి పేరొకరికి తెలియకుండా రాత్రిపూట ప్రేమలేఖలు రాసుకుంటున్నది మాత్రం వాళ్లిద్దరే. ఇంత చిన్న కథకు బాక్, హార్నిక్ లెక్కకు మించిన పాటలు రాశారు. వాటిలో సగం పాటలని తెలియకుండానే జరిగిపోతాయి. కొనుగోలుదారు వెళ్లిపోతున్న ప్రతిసారీ గుమాస్తాలు కలిసి పాడే వీడ్కోలు మర్యాద ఒకటుంది. అదే చిన్న బాణీ మళ్లీమళ్లీ వచ్చి ఆ దుకాణంలోని దినచర్యను, కొలువులోని కృత్రిమ వినయాన్ని చెబుతుంది. క్రిస్మస్‌కు ముందు రోజుల రద్దీని చూపే పాటలో తేదీలు దగ్గరపడిన కొద్దీ వేగం పెరిగి గొంతులు ఒకదానిమీదొకటి పడతాయి. సహోద్యోగిని ఇలోనా గ్రంథాలయంలో ఒక కళ్లద్దాల వైద్యుణ్ని కలిసిన వైనాన్ని బొలేరో అనే స్పానిష్ నృత్య లయలో చెబుతుంది. పుస్తకాలంటే భయపడే స్త్రీ నోట ఆ శృంగార లయ పలకడంలోనే హాస్యమంతా ఉంది.

మొదటి అంకం ముగింపును చూడండి. ఆనాటి బ్రాడ్‌వే ఆచారం ప్రకారం అక్కడ నటీనటులందరూ చేరి హోరెత్తించాలి. ఇక్కడ రాని మనిషి కోసం కాఫీ హోటల్లో ఎదురుచూస్తున్న అమాలియా ఒంటరిగా, మెల్లగా పాడుతుంది. రెండో అంకంలో ఆమె పాడే ‘వెనీలా ఐస్‌క్రీమ్’ ఈ మొత్తం రచనకు శిఖరం. జబ్బు సెలవులో ఉన్న ఆమెకు జార్జ్ ఐస్‌క్రీమ్ తెచ్చిచ్చి వెళ్లిపోయాడు. అజ్ఞాత ప్రియునికి ఉత్తరం రాయడానికి కూర్చుంటుంది. పద్ధతిగా మొదలైన ఉత్తరపు బాణీ ప్రతి రెండు వాక్యాలకూ తప్పిపోయి జార్జ్ దగ్గరికి వెళుతుంది. ఆమె తనను తాను మందలించుకుని మళ్లీ కలం పడుతుంది, మళ్లీ తప్పుతుంది. తన మనసు మారుతున్నదని ఆమెకంటే ముందు శ్రోతకు తెలుస్తుంది, తెలియజేసేది స్వరమే. చివరి తారస్థాయి స్వరం గాత్ర విన్యాసం కోసం పెట్టింది కాదు, అక్కడికి వచ్చేసరికి ఆమెకూ సంగతి అర్థమైంది. కొసమెరుపు ఏమిటంటే 1956లో ‘గ్లిటర్ అండ్ బీ గే’ పాడిన బార్బరా కుక్కే 1963లో దీన్నీ పాడారు. మొదటిది ఆమె గొంతులోని శక్తిని చూపితే, రెండవది ఆమెలోని నటిని చూపింది.

లోపాలు లేవని కాదు. కాఫీ హోటల్ సర్వరు హాస్యం అవసరానికి మించి సాగుతుంది, కథ అంతసేపూ ఆగి నిలబడాలి. పెద్ద నృత్యాలు, బృందగానాలు లేకపోవడం కొందరికి వెలితిగా తోస్తుంది. రేడియోలో ఊరూరా మోగే పాట ఒక్కటీ దీని నుంచి రాలేదు. 1964లో ‘హలో, డాలీ!’ పది టోనీలు ఎత్తుకుపోతే దీనికి సహాయ నటుడి బహుమతి ఒక్కటే దక్కింది. తెలుగువారికి ఇక్కడ మరో అడ్డంకి ఉండవచ్చు. రాయబారం పద్యాలకు వన్స్ మోర్ కొట్టి, నాటకం మొత్తం చూడకుండానే పద్యాలను గ్రామఫోను రికార్డుల్లో విని ఆనందించిన సంప్రదాయం మనది. నాటకం నుంచి ఊడివచ్చే పాటనే గొప్ప పాటగా ఎంచడం మన చెవికి అలవాటు. ‘షీ లవ్స్ మీ’ పాటలు అలా ఊడిరావు. ఊడిరాకపోవడమే వాటి పనితనమని నా అభిప్రాయం, అందుకే ఈ మూడింటిలో నా ఓటు దీనికే.

వినదలచినవారు 1963 నాటి తొలి రికార్డుతో మొదలుపెట్టి, వరుస మార్చకుండా, పాటల సాహిత్యాన్ని ముందుంచుకుని వినాలి. లారా బెనాంటి నటించిన 2016 పునఃప్రదర్శనను చిత్రీకరించారు కాబట్టి, రికార్డు విన్నాక దాన్ని చూస్తే వీడ్కోలు బాణీ ఎన్నిసార్లు, ఎవరి ముఖం మీద ఎలా పలికిందో తెలుస్తుంది. ‘మెరిలీ’ని వెంటవెంటనే రెండుసార్లు వినే తీరిక ఉన్నరోజుకు ఉంచుకోవడం మంచిది. ‘కాండీడ్’ ఓవర్చర్‌కు ఇలాంటి ఏర్పాట్లేవీ అక్కర్లేదు.