న్యూమరోవ్ పద్ధతితో ఏడేళ్లు

పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో తెలుగు, క్లాసులో సగం ఒడియా. జడవాయు పరమాణువుల క్రాస్ సెక్షన్ (ఢీకొనే పరమాణువుకు ఎంత వైశాల్యం అడ్డొస్తుందో చెప్పే కొలత) లెక్కల కోసం 2018 వేసవిలో పైథాన్‌లో, ష్రోడింగర్ సమీకరణాన్ని చిన్న చిన్న అడుగులుగా సాధించే న్యూమరోవ్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌తోనూ అదే వాడిస్తున్నాను.

దీనికి నెట్ అక్కర్లేదు. ఆ అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఊడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ ఇంకా ఆలస్యం. కరెంటు వచ్చిన సాయంత్రమే పాత ల్యాప్‌టాప్‌లో హైడ్రోజన్-క్రిప్టాన్ లెక్క నడిపాం. లెన్నర్డ్-జోన్స్ పొటెన్షియల్ (దూరంగా ఉంటే పరమాణువులు ఆకర్షించుకుని, బాగా దగ్గరైతే దూరపు పన్నెండో ఘాతం ప్రకారం తోసుకునే నమూనా), లోతు 5.9 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, ఆ లోతు వచ్చే దూరం 3.57 ఆంగ్‌స్ట్రామ్‌లు. గ్రాఫులో ఎల్ (కోణీయ ద్రవ్యవేగ సంఖ్య) 4, 5, 6 శిఖరాలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. హైడ్రోజన్ కాసేపు క్రిప్టాన్ దగ్గర చిక్కుకుని బయటపడుతోందన్నమాట. ఆ గ్రాఫు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

ఇబ్బంది మొదలయ్యే చోటు దగ్గరి దూరాల్లో ఉంది. సున్నా నుంచి మొదలుపెడితే పన్నెండో ఘాతం అంతా పేల్చేస్తుంది. పొటెన్షియల్ లోతు వచ్చే ఆ దూరంలో సగం దగ్గర, తరంగ ప్రమేయానికి ఎక్స్‌పొనెన్షియల్ రూపం ఇచ్చి మొదలుపెట్టాలి. అడుగు సగం చేస్తే తప్పు దాదాపు 16వ వంతుకు తగ్గాలి. తగ్గకపోతే కోడ్‌లో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. గట్టి గోళంతోనూ (లోపలికి ఏదీ చొరబడలేని నమూనా) ఒకసారి సరిచూడండి: తక్కువ శక్తి దగ్గర క్రాస్ సెక్షన్ గోళం అడ్డుకోత వైశాల్యానికి నాలుగు రెట్లు రావాలి.

ఆర్గాన్-ఆర్గాన్ దగ్గర మా పిల్లలు ఎక్కువగా తడబడతారు. రెండూ ఒకే రకం పరమాణువులు, స్పిన్ సున్నా. కాబట్టి సరి ఎల్ విలువలే తీసుకుని రెట్టింపు చేయాలి. గది ఉష్ణోగ్రతలో ఎల్ వంద దాటాల్సిందే, అడుగు కూడా బాగా చిన్నది కావాలి. పాత ల్యాప్‌టాప్ వేడెక్కిపోతుంది, టీ తాగి రావచ్చు.

హీలియంకి మాత్రం జాగ్రత్త. దాని జంట అణువు అతి బలహీనంగా కట్టుబడి ఉంటుంది, స్కాటరింగ్ లెంగ్త్ (చాలా తక్కువ శక్తి దగ్గర ఢీకొనే ప్రభావం ఎంత దూరం చేరుతుందో చెప్పే కొలత) 100 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపుల్లో. పొటెన్షియల్ కాస్త మారినా సున్నా శక్తి దగ్గర జవాబు తలకిందులవుతుంది. అక్కడ న్యూమరోవ్‌ని తప్పుపట్టకండి, లెన్నర్డ్-జోన్స్‌ని మార్చండి. ఈ బ్యాచ్‌కి ఆ పనే అప్పగించాను.