రీల్ వదిలి ఫింగర్ స్పూల్‌కి వచ్చాక: కొన్ని సీజన్ల వాడకం తర్వాత నా మాట

స్కూబా డైవింగ్‌లో వాడే దారం రీల్ అమ్మినాయన మీద కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు, అది ముందే చెప్పేస్తున్నా, కాబట్టి ఈ రివ్యూలో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకుని చదవండి. డ్రిఫ్ట్ డైవ్‌లో, అంటే నీటి ప్రవాహం (కరెంట్) ఎటు లాగితే అటు పోతూ చేసే డైవ్‌లో, ఎస్ఎంబీ (మేమెక్కడున్నామో బోటుకి తెలిసేలా దారం కట్టి పైకి వదిలే గాలి గొట్టం, నేను బుడగ అన్నా గొట్టం అన్నా ఇదే) ఎందుకు, ఎంత పొడవుండాలి, నారింజ రంగా పసుపా, ఇవన్నీ డైవ్ చేసే ప్రతివాడికీ తెలుసు, నేను మళ్ళీ మొదలుపెట్టను. నేను మాట్లాడేది దానికి కట్టే దారం చుట్ట గురించి. ఉండేది చెన్నై, వీలైన వీకెండ్ ఊరి పక్కనున్న కోవళం వైపు (కేరళది కాదు), లీవు దొరికిన ఏడాది అండమాన్, ఇదీ నా వాడకం. ఫింగర్ స్పూల్ అంటే 30 మీటర్ల దారం, ప్లాస్టిక్ చక్రం, మధ్యలో వేలు దూరేంత కన్నం, రెండు చివరలా కొక్కెం ఉండే ఓ డబుల్ ఎండర్ క్లిప్పు, అంతే, ఇంకేం లేదు. ఆ ఇంకేం లేకపోవడమే నాకు పిచ్చిగా నచ్చింది.

అంతకుముందు వాడిన రీల్‌కి అన్నీ ఉండేవి. పట్టుకోడానికి పిడి, చుట్టడానికి బుడిపె, లాక్ చెయ్యడానికి మీట, షాపులో తిప్పి చూస్తే టకటకా మంచి సౌండ్. స్విమ్మింగ్ పూల్‌లో ఎప్పుడూ పేచీ పెట్టలేదు, పెట్టదు కూడా, పూల్ లోతెంత, అక్కడ దారం పరిగెత్తే లోపే బుడగ పైకి తేలిపోతుంది.

దాని అసలు రంగు మార్చిలో కోవళం దగ్గర బయటపడింది. మన తీరంలో ఈశాన్య రుతుపవనాల టైంలో నీళ్ళు దక్షిణానికి పోతాయి, ఫిబ్రవరి మార్చికల్లా మళ్ళీ ఉత్తరానికి తిరుగుతాయి, ఆ రోజు ఉత్తరానికి బాగానే లాగుతోంది, పైన పొద్దుటి గాలి మాత్రం ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తోంది. కింద అంతా ఇసుక, అందుకే ఆ చోటు ఎంచుకున్నాం, ప్రాక్టీసుకి అంతకన్నా మంచి చోటు లేదు. 10 మీటర్ల దగ్గర ఎస్ఎంబీని సగానికి ఊదా, అక్కడ ప్రెషర్ పైనున్నదానికి రెట్టింపు కాబట్టి సగం ఊదితే పైకెళ్ళేసరికి అదే నిండుతుంది. వదిలా. దారం జర్రుమని కొంచెం పోయింది, టక్కున ఆగింది. రీల్‌లో దారం చుట్టుకునే డ్రమ్ మీంచి ఒక చుట్టు జారి డ్రమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందులో ఇరుక్కుంది, మీట నొక్కినా లాగినా కదల్లేదు. బుడగ ఆగదు కదా, పైకి పోయే కొద్దీ లోపల గాలి ఉబ్బుతుంది, ఉబ్బే కొద్దీ ఇంకా గట్టిగా లాగుతుంది, దానితో పాటు నా చెయ్యి, చేతితో పాటు నేను. మరీ వేగంగా పైకి పోతున్నావని డైవ్ కంప్యూటర్ కుయ్యో మొర్రో అని అరవడం మొదలెట్టింది. అదృష్టం ఏంటంటే రీల్ బీసీడీకి (ఒంటికి తొడుక్కునే గాలి జాకెట్‌కి) తగిలించి లేదు, చేతిలోనే ఉంది, వదిలేశా.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నేనూ నాతో జతగా దిగిన బడ్డీ, మా నెల్లూరు కుర్రాడూ ఏ ఆధారం లేని పచ్చటి నీళ్ళలో ఒకరి కంప్యూటర్ ఒకరు చూసుకుంటూ 5 మీటర్ల దగ్గర జాగ్రత్త కోసం ఆగే మూడు నిమిషాలు గడిపి పైకొచ్చేసరికి బోటు ఎక్కడో దూరంగా వెళ్ళిపోతోంది. బోటన్నకి మేం చెప్పిందేంటి, నారింజ గొట్టం ఎక్కడుంటే దాని కింద మేముంటాం అని. ఆయన అక్షరాలా అదే చేశాడు, గాలికి తూర్పు వైపు కొట్టుకుపోతున్న గొట్టం వెనకాలే శ్రద్ధగా పోతున్నాడు, మేమేమో కరెంట్‌తో ఉత్తరానికి. విజిల్ ఊదితే ఇంజిన్ మోతలో ఏం వినపడుతుంది. చివరికి మావాడి దగ్గరున్న చిన్న ఎస్ఎంబీ ఊది, అది కింద మూత లేని రకం, వదిలితే చప్పబడి నీళ్ళ మీద పడుకుంటుంది, ఇద్దరం వంతులేసుకుని దాని మొదలు కిందికి లాగి నిలబెట్టి పట్టుకున్నాం, బోటులో ఉన్న పిల్లాడు చూశాడు కాబట్టి సరిపోయింది. ఎక్కాక బోటన్న ఒకటే మాట, "గొట్టం కింద మనుషులు లేకపోతే నేనేం చేసేది తంబీ?" నిజమే కదా, ఏం చేస్తాడు. గొట్టమూ రీలూ రెండూ తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేశాడు. షాపులో చూపిస్తే "ఇసుక పడిందేమో సార్, వారంటీ రాదు" అన్నారు. ఇసుక రేణువు ఒక్కటి లేదు అందులో.

స్పూల్‌లో ఇరుక్కోడానికి అసలు సందే లేదు. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క కన్నంలో ఆనించి బుడగ వదిలితే చక్రం వేళ్ళ మధ్య గిర్రున తిరుగుతుంది, వేలి చర్మానికి సన్నగా జుమ్మని తెలుస్తుంటుంది, ఉన్నట్టుండి ఆ జుమ్మనడం ఆగి దారం వదులైతే బుడగ పైన తేలిందన్నమాట. ఆ వదులు లాగి బిగిస్తే గాలిపటం దారం పట్టుకున్నట్టే ఉంటుంది, పైన అల ఎలా ఉందో కింద వేలికి తెలిసిపోతుంది. నాకైతే డైవ్ మొత్తంలో చేపల తర్వాత ఇష్టమైన నిమిషం ఇదే, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇంకో సంగతి, ఆక్టోపస్‌తో (ట్యాంకు గాలి పీల్చడానికి ఉండే రెండో, స్పేర్ మౌత్‌పీస్‌తో) బుడగలోకి గాలి కొట్టే అలవాటు మానేశా, నోటితోనే ఊదుతున్నా. ఊపిరితిత్తుల్లో గాలి బుడగలోకి పోతుంది అంతే కాబట్టి చేతిలో ఉన్నంతసేపు మనిషి ఉన్న లోతు పెద్దగా మారదు. ఆక్టోపస్ మీదుండే పర్జ్ బటన్ నొక్కితే ట్యాంకులోంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది, పట్టుకున్నవాణ్ణి పైకి ఎత్తుతుంది, దాన్ని ఆపుకోడానికి ఫిన్స్‌తో కింద తన్నుతారు. ఇసుక మీదైతే దుమ్ము లేస్తుంది, రీఫ్ (పగడాల దిబ్బ) మీదైతే ఏదో విరుగుతుంది.

ఇది అండమాన్‌లోని హేవ్‌లాక్‌ దీవిలో కళ్ళారా చూశా. మాతో పాటు వచ్చిన ఒకాయన, కొత్త గేర్, అక్కడే మొదటిసారి విప్పినట్టున్నాడు, ఎస్ఎంబీ ముడి తీయడానికి తీరిగ్గా పగడం మీద మోకాళ్ళేశాడు. గైడ్ వెళ్ళి ట్యాంకు పట్టుకుని పైకి లేపేసరికి కింద కొమ్మల పగడం తెల్లగా విరిగి కనపడింది. బండ పగడాలు ఏడాదికి ఓ సెంటీమీటరు పెరిగితే గొప్ప, అరచేయంత బండ కావడానికే ఏళ్ళు పడుతుంది. రీఫ్ కట్టే పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్లు) కూడా, 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే కాగితం మీద పులి ఉన్న లిస్టులోనే. నేషనల్ పార్క్ హద్దు లోపలా బయటా అన్న తేడా లేదు దీనికి. మన్నార్ సింధుశాఖ వైపు 1986 నుంచి 21 దీవుల చుట్టూ పార్క్ ఉంది, అండమాన్‌లోని వండూర్‌లో 1983 నుంచి ఉంది, కానీ మోకాలికి ఆ హద్దులు తెలుస్తాయా ఏంటి. అందుకే నా పద్ధతి ఇప్పుడు ఇది, కొత్త వస్తువు ఏదైనా ముందు పూల్, తర్వాత కోవళం ఇసుక, అక్కడా కింద తగలకుండా ఓ రెండు మీటర్ల పైన తేలుతూ, కళ్ళు మూసుకుని క్లిప్పు తీసేంత అలవాటయ్యాకే రీఫ్‌కి. రీఫ్ మీద కూడా పగడాలు దాటి బాగా పక్కకి జరిగి, కింద పగడాలు లేని లోతు నీలంలోకి వచ్చాకే బుడగ వదిలేది. రీఫ్ హుక్ (కరెంట్‌కి కొట్టుకుపోకుండా రాయికి తగిలించుకునే కొక్కెం) వాడావా అని అడుగుతుంటారు, లేదు, మనం వెళ్ళే చోట్ల అంత కరెంట్ నాకు తగల్లేదు, పైగా చచ్చిన రాయేదో బతికిన పగడమేదో ఆ హడావుడిలో చూసుకుని తగిలించేంత నమ్మకం నా మీద నాకు లేదు.

స్పూల్‌లో పాడయ్యే పార్టే లేదని మొదట్లో అందరికీ చెప్పుకు తిరిగా. పార్ట్ ఉంది. డబుల్ ఎండర్ లోపల స్ప్రింగ్, ఉప్పు పట్టి ఓసారి బిగుసుకుపోయింది, మంచినీళ్ళలో నానబెట్టమంటారు, మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, మెట్రో వాటర్ లారీ వచ్చిన రోజు బకెట్ దాచి పెట్టుకుంటున్నా, మా ఆవిడ దీని మీద చాలా అంది. ఇంకోటి, తిరిగి చుట్టడం. రీల్ అయితే బుడిపె తిప్పితే అయిపోయేది, దీన్ని వేళ్ళతో చుట్టు చుట్టుగా, పైకొస్తూ, కంప్యూటర్ చూస్తూ, బడ్డీని చూస్తూ చుట్టాలి, మొదట్లో చిరాకొచ్చి మానేద్దామనుకున్నా. చేతిలోంచి జారితే ఇంకా ఇబ్బంది, దొర్లుకుంటూ దారమంతా విప్పుకుంటూ కిందికి పోతుంది, కింద కొమ్మల పగడం ఉంటే ఆ దారం విడదీయడం కంటే కోసెయ్యడం నయం. మెటల్‌వి ఇంకా తొందరగా మునుగుతాయి కాబట్టి నేను ప్లాస్టిక్‌కే ఓటేస్తా, అయితే అంచులు మెటల్ అంత నున్నగా ఉండవు, దారం కొంచెం పీచు తేలుతుంది, నాది ఒకసారి మార్చాను.

కొనొచ్చా అంటే, నాకు సరిపోయింది. ఇక్కడి నీళ్ళు వెచ్చన, గ్లవ్స్ వేసుకోను, వేళ్ళు సన్నం, దిగేది ఎక్కువగా 20 మీటర్ల లోపే. చలి నీళ్ళలో మందపాటి గ్లవ్స్‌తో దిగేవాళ్ళు ఇదే మాట అంటారో లేదో, వాళ్ళకి రీలే నయమేమో, ఇరుక్కోని రీల్ దొరికితే. బెంగళూరు నుంచి వీకెండ్‌కి వచ్చి ఏడాదికి రెండు డైవ్‌లు చేసేవాళ్ళయితే కొనే ముందు ఎవరిదైనా అడిగి పూల్‌లో తిప్పి చూడండి, వేలికి నచ్చకపోతే ఎంత మంచి స్పూలైనా బ్యాగ్‌లోనే ఉండిపోతుంది.