సిగ్‌విన్: మొరాయించినా కారణం దాచని సాఫ్ట్‌వేర్

విండోస్ లాప్‌టాప్‌లో యూనిక్స్ కమాండ్లు కావాలంటే ఇప్పుడు అందరూ ముందుగా చెప్పేది విండోస్ లోపలే లినక్స్‌ను నడిపించే మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎస్ఎల్ గురించే. అయితే దాని రెండో వెర్షన్‌కు వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ను నడిపించే సదుపాయం) తప్పనిసరి కనుక, గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఆఫీసువారు ఆ సదుపాయాన్ని ఆపేసి ఇచ్చిన లాప్‌టాప్‌తో పనిచేసేవారికీ, అమీర్‌పేటలో షెల్ స్క్రిప్టింగ్ నేర్చుకుంటూ తక్కువ మెమరీ ఉన్న పాత యంత్రంతో నెట్టుకొచ్చేవారికీ, యూనిక్స్ కమాండ్లను విండోస్‌లోనే నడిపించే సిగ్‌విన్ ఇప్పటికీ మంచి ఎంపిక. 1995లో సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థలో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేను రోజూ లాగ్ ఫైళ్లు వడపోయడానికి వాడుతున్నాను. ఇన్‌స్టాల్ చేయడం సులువే కాబట్టి, ఇబ్బంది వచ్చినప్పుడు ఇది ఎంతవరకు సహకరిస్తుందన్నదే ఈ సమీక్షలో ప్రధానంగా చూస్తాను.

అందరినీ ఎక్కువగా కంగారుపెట్టేది ‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్’ అనే సందేశం. దాన్ని చూసి ర్యామ్ చాలడం లేదనుకుని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ సీటీసీకి పరుగెత్తనక్కరలేదు. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) తనలాంటి మరో ప్రాసెస్‌ను పుట్టించుకునే ఫోర్క్ పద్ధతి విండోస్‌లో సహజంగా లేదు కనుక, సిగ్‌విన్ కొత్త ప్రాసెస్‌ను తెరిచి, పాతదాని మెమరీని అందులోకి నకలు చేస్తుంది. అందుకు డీఎల్ఎల్ ఫైళ్లన్నీ, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఉన్న ఫైళ్లు, రెండింటిలోనూ మెమరీలో అవే అడ్రసుల్లో లోడ్ కావాలి. యాంటీవైరస్ తన డీఎల్ఎల్‌ను మధ్యలో చొప్పిస్తే ఆ అడ్రసులు తారుమారై ఫోర్క్ విఫలమవుతుంది. సిగ్‌విన్ విండోలన్నీ, దాని సర్వీసులతో సహా మూసేసి సెటప్‌ను మళ్లీ నడిపితే, అది డీఎల్ఎల్‌లకు అడ్రసులను తిరిగి సర్దుతుంది. అప్పటికీ లొంగకపోతే సిగ్‌విన్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించమని ఐటీ విభాగాన్ని అడగాలి. 2022 డిసెంబరులో వచ్చిన 3.4 వెర్షన్‌తో 32 బిట్ మద్దతు ఆగిపోయింది. 64 బిట్‌లో అడ్రసుల స్థలం విశాలం కావడంతో ఈ తగాదా బాగా తగ్గిందనే చెప్పాలి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది, సిగ్‌విన్ స్థితిని తనిఖీ చేసే సిగ్‌చెక్ కమాండ్. ఎస్, వి, ఆర్ ఆప్షన్లతో నడిపితే విండోస్ వెర్షన్, పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) వరుస, మౌంట్లు (ఏ విండోస్ ఫోల్డర్ సిగ్‌విన్‌లో ఏ పేరుతో కనిపిస్తుందో), ప్యాకేజీల స్థితి అన్నీ ఒకే నివేదికలో బయటపడతాయి. వేరే సాఫ్ట్‌వేర్ ఏదైనా తనతోపాటు సిగ్‌విన్ డీఎల్ఎల్ పాత ప్రతిని తెచ్చి పాత్‌లో పడేసి ఉంటే దాన్నీ హెచ్చరికతో చూపిస్తుంది. ఊహల మీద ఆధారపడి రోజంతా వెతకాల్సిన పని తప్పించే ఇలాంటి పరికరం ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టు చూడడానికి సరిగ్గానే ఉన్నా, ఖాళీ లైను దగ్గర కూడా ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంటే, లైన్ల చివర విండోస్ చేర్చే క్యారేజ్ రిటర్న్ అక్షరాన్ని అనుమానించాలి. క్యాట్ కమాండ్‌కు పెద్ద ఏ (A) ఆప్షన్ ఇచ్చి చూస్తే ప్రతి లైను చివరా డాలర్ గుర్తుకు ముందు టోపీ గుర్తు, ఎం అక్షరం కనిపిస్తాయి. ఆ అక్షరాన్ని తీసేసే డాస్‌టుయూనిక్స్ కమాండ్‌తో ఫైలును మారిస్తే సరిపోతుంది. అలాగే, టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు, నిర్ణీత వేళకు పనులు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్ నుంచి నడిపితే ఫైండ్ కమాండ్ దగ్గర తప్పు చూపడం కూడా తరచుగా ఎదురవుతుంది. స్క్రిప్టును నడిపే బ్యాష్ షెల్‌ను లాగిన్ షెల్‌గా (సిగ్‌విన్ సొంత పాత్ అమరికలను చదువుకునేలా) పిలవకపోతే, విండోస్‌కు సొంతంగా ఉన్న ఫైండ్, సార్ట్ ప్రోగ్రాములే పాత్‌లో ముందుగా తగలడం దీనికి కారణం.

లోపాల విషయానికొస్తే, కొత్త ప్యాకేజీ కావలసిన ప్రతిసారీ సెటప్ ఫైలునే తెరవాల్సి రావడం విసుగు పుట్టిస్తుంది. వేల కొద్దీ చిన్న ప్రాసెస్‌లను పుట్టించే బిల్డ్ పనులు (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేయడం) ఫోర్క్ కారణంగానే చాలా నెమ్మదిగా సాగుతాయి. లినక్స్ కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాములు ఇందులో నేరుగా నడవవు, వాటిని సోర్స్ నుంచి మళ్లీ కంపైల్ చేయాలి. లినక్స్ కంటెయినర్లతో (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా విడిగా నడిపించే పొట్లాలతో) పని ఉన్నవారు దీని మీద సమయం వెచ్చించకుండా, వర్చువలైజేషన్ అనుమతి కోసం ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవడమే మంచిది.