పాత బంకు స్థలంలో నీటి పరీక్ష: ఉన్న బోరా, నుయ్యా, కొత్త పైపులా?

విజయనగరం ఊరి అంచున మా బావమరిది ఇంటిస్థలం కొన్నాడు. అక్కడ ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేదని కొన్నాక తెలిసింది. ట్యాంకులు తవ్వి తీసేసి గొయ్యి పూడ్చేశారట. ఇప్పుడు అతని టెన్షనంతా నీళ్ల గురించే. "పక్కింటి బోరు నీళ్లు పట్టుకెళ్లి ల్యాబుకిచ్చేస్తే సరిపోదేటి బావా?" అని ఫోన్ చేశాడు.

సరిపోదు. పెట్రోలు నీటికన్నా తేలిక. కారింది మట్టిలోకి దిగి, భూమిలోని నీటి పైమట్టం దగ్గర పొరలా తేలుతుంది. అందులోని బెంజీన్ లాంటి హానికర రసాయనాలు కొద్దికొద్దిగా కరిగి నీటితోపాటు కదులుతాయి. బోరు వేసేటప్పుడేమో పైనున్న మెత్తటి పొర కూలిపోకుండా కేసింగ్ పైపు దింపేస్తారు. నీళ్లు వచ్చేది అడుగునున్న రాతి పగుళ్లలోంచి. అంటే కల్తీ ఉండే పొరనే బోరు మూసేసుకుంటుంది. రిపోర్టు శుభ్రంగా వస్తే, ఆ పగుళ్లదాకా ఇంకా రాలేదని తెలుస్తుంది, అంతే. అయినా ఆ బోరు నీళ్లు ఎవరైనా తాగుతుంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాన్నే పరీక్షించాలి.

ఈ విషయంలో బోరు కన్నా వాడకం మానేసిన పాత నుయ్యే మంచి సాక్షి అంటాను. దాని నీళ్లు సరిగ్గా ఆ పైమట్టానివే. నూనె తెట్టు ఉంటే కంటికే కనిపించవచ్చు. కాకపోతే నోరు తెరుచుకుని ఉంటుంది కాబట్టి బెంజీన్ గాలికి ఎగిరిపోతుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. ముక్కును నమ్ముకోవడానికీ లేదు. తాగేనీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అది ఒక్కటే ఉంటే, వాసన తెలియడానికి అంతకు వందల రెట్లు ఉండాలి.

మట్టిలోని ఆవిరిని గొట్టంతో లాగి కొలిచే పద్ధతి కూడా ఉంది. త్వరగా అవుతుంది. కానీ డీజిల్ పెద్దగా ఆవిరి కాదు, తడిసిన మట్టిలోంచి ఆవిరి సరిగా రాదు. నీటి నమూనా పైపులు ఎక్కడ దింపాలో చూసుకోవడానికి పనికొస్తుందేమో గాని, నీటి సంగతి చెప్పదు.

ఖర్చయినా నా ఓటు నీటి నమూనా కోసమే కొత్తగా భూమిలోకి దింపే పైపులకే. సన్నటి పీవీసీ పైపులు, సన్నని చీలికలున్న భాగం నీటిమట్టానికి కాస్త పైకీ కాస్త కిందకీ వచ్చేలా దింపాలి. చీలికలు పూర్తిగా నీళ్లలో మునిగిపోతే తేలే పెట్రోలు లోపలికి రాదు, డబ్బు దండగ. కనీసం మూడు చోట్ల, త్రికోణంలా ఉండాలి. మూడింటిలోనూ నీటిమట్టం కొలిస్తేనే నీరు ఎటు వాలుతోందో తెలుస్తుంది. శ్రీకాకుళంలో వంశధార ఒడ్డు ఇసుక నేలయితే ఈ లెక్క బాగానే కుదురుతుంది. విజయనగరం రాతినేలలో నీరు పగుళ్లను పట్టుకుని పోతుంది కాబట్టి, మూడు పైపులకూ దొరక్కుండా పక్కనుంచి జారిపోవచ్చు. ఆ లోటు ఉంది.

ఏ దారి పట్టినా నమూనా తీయడంలోనే చాలామంది దెబ్బతింటారు. ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టుకెళ్తే లాభం లేదు. చిన్న గాజు సీసాను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐసులో పెట్టి పంపాలి. ల్యాబులో 'బీటెక్స్' (బెంజీన్, టొల్యూన్ లాంటి పెట్రోలు రసాయనాలు) పరీక్ష అని పేరు పెట్టి అడగాలి. మామూలు తాగునీటి పరీక్షలో ఉప్పులు, ఫ్లోరైడ్, క్రిములు చూస్తారు, పెట్రోలు చూడరు. టీడీఎస్ మీటరుకైతే అది అసలే తెలియదు. ఒకసారి మే నెలలో, ఒకసారి వానలు తగ్గాక తీయాలి. మట్టం దిగినప్పుడు తేలే పెట్రోలు పైపులో బయటపడుతుంది. పెరిగినప్పుడు మట్టికి అంటుకుని ఉన్నది నీళ్లలో కరుగుతుంది.

మా వాడు చివరికి రెండు పైపులే వేయించాడు. నీటి వాలు చూడడానికి మూడో చోటుగా పక్కింటి పాత నుయ్యిని పెట్టుకున్నాడు. ఆ ఇంటి మామ్మ ఒప్పుకుంది, కానీ నూతి మీద కొత్త రేకు మూత వేయించాకే తాడు దింపనిచ్చింది.