గ్రహాల పాఠానికి ఏది మేలు: థర్మోకోల్ బంతులా, ఫోనా, డాబానా, బ్యారేజీయా?

పోయినేడాది మావాడికి స్కూల్లో సౌరకుటుంబం మోడల్ చేసుకు రమ్మన్నారు. అందరిలాగే నేనూ వన్‌టౌన్ వెళ్ళి థర్మోకోల్ బంతులు, తీగ, రంగులు కొనుక్కొచ్చాను. గురుడికి స్ప్రే పెయింట్ కొట్టి ఆరబెట్టామో లేదో బంతి నిండా గుంటలు పడటం మొదలైంది. ఆ పెయింట్‌లో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుందని నాకప్పటిదాకా తెలీదు. రాత్రి పదకొండింటికి ఇంకో బంతి తీసి పోస్టర్ కలర్‌తో మళ్ళీ మొదలుపెట్టాం. శనికి వలయంగా పాత సీడీ తగిలించాం, అదొక్కటే బాగా కుదిరింది.

మార్కులైతే వచ్చాయి. వారం తర్వాత కదిపి చూస్తే, అంగారకుడు భూమికి జానెడు దూరంలోనే ఉంటాడన్నట్టు మాట్లాడుతున్నాడు మావాడు. వాణ్ణనేం లాభం, మేం చేసిన మోడల్లో జానెడే ఉంది మరి. మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరి 2014 సెప్టెంబరు 24కి గానీ అంగారకుణ్ణి చేరలేదురా అంటే, "అంత నెమ్మదిగా వెళ్ళిందా" అన్నాడు!

ఇప్పుడు చిన్నదాని వంతు, మూడో తరగతి. ఈసారి థర్మోకోల్ జోలికి పోకుండా మిగతా దారులన్నీ పట్టి చూశాను. థర్మోకోల్ మోడల్ నేర్పేది పేర్లు, వరస, అంతే. ఆ రెండూ గోడకి తగిలించే చార్టు తక్కువ ఖర్చుతో, తల్లికి నిద్ర చెడకుండా నేర్పుతుంది.

ఫోన్లో వీడియోల సంగతి. కదలికలు చూపించడానికి వీటిని మించింది లేదని ఒప్పుకోవాలి. యురేనస్ పక్కకి ఒరిగిపోయి దొర్లుతున్నట్టు తిరగడం, శుక్రుడు తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పట్టి, సూర్యుణ్ణి చుట్టి రావడానికి 225 రోజులే పట్టడం, ఇవన్నీ నోటితో చెబితే పిల్లలకి ఎక్కవు. సూర్యుడికి దగ్గరున్న బుధుడి కన్నా శుక్రుడే వేడి, దాదాపు 465 డిగ్రీలు, ఎందుకంటే దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటి కప్పుకుని ఉంటాడు. అది మాత్రం నేను వీడియో లేకుండానే చెప్పాను: రోహిణి కార్తెలో మన ఊళ్ళో అద్దాలు బిగించి ఎండలో వదిలేసిన కారు తలుపు తీస్తే మొహాన కొట్టే సెగ గుర్తుందా అంటే చాలు, బెజవాడ పిల్లలకి ఇంకేం చెప్పక్కర్లేదు. కానీ వీడియోల్లో గ్రహాలన్నీ ఒకే ఫ్రేములో సర్దేస్తారు, గ్రహశకలాల పట్టీ అయితే లారీ కంకర దింపినట్టు చూపిస్తారు. నిజానికి అక్కడ ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య లక్షల కిలోమీటర్ల ఖాళీ. పైగా ఒక వీడియో అవ్వగానే ఇంకోటి దానంతటదే వస్తుంది, మూడోదానికల్లా గ్రహాలు పోయి ఎవరో బొమ్మల డబ్బాలు విప్పుతుంటారు.

డాబా ఖర్చు లేని దారి. ఊళ్ళో దీపాల వెలుతురుకి, దుమ్ముకి చిన్న చుక్కలు కనపడవు గానీ శుక్రుడు, గురుడు ఉన్న రోజుల్లో సత్యనారాయణపురం డాబాల మీద నుంచైనా భేషుగ్గా కనిపిస్తారు. చుక్కలు మిణుకుమిణుకుమంటాయి, గ్రహాలు చాలావరకు నిలకడగా వెలుగుతాయి, ఆ తేడా చిన్నది రెండో రోజే పట్టేసింది. ఏది ఏదో చెప్పడానికి ఫోన్లో స్టెల్లేరియం లాంటి యాప్ పెట్టుకుంటే సరిపోతుంది, ఫోను అక్కడికి చాలు. మామూలు బైనాక్యులర్స్‌ని వాటర్ ట్యాంకు గట్టుకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుడి పక్కన చుక్కల్లాగా చందమామలు కనపడతాయి, 1610లో గెలీలియో చూసినవే. శని వలయాలకి మాత్రం టెలిస్కోపు కావాల్సిందే. ఒక్క జాగ్రత్త, పగటిపూట ఆ బైనాక్యులర్స్ పిల్లల చేతికి ఇవ్వకండి, పొరపాటున సూర్యుడి వైపు తిప్పారంటే కళ్ళు పోతాయి. డాబాతో ఇబ్బందల్లా మబ్బులు. వానాకాలమంతా సెలవే.

ఇక బ్యారేజీ. నా ఓటు దీనికే. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,200 మీటర్ల పైచిలుకు. సూర్యుడి నుంచి భూమికి ఉన్న 15 కోట్ల కిలోమీటర్లని 40 మీటర్లు అనుకుంటే నెప్ట్యూన్ సరిగ్గా అవతలి ఒడ్డుకి వస్తాడు. అప్పుడు సూర్యుడు 37 సెంటీమీటర్ల బంతి. అంత బంతి దొరక్క అదే వెడల్పున్న స్టీలు పళ్ళెం తీసుకెళ్ళాం. భూమి ఒక పెసరగింజ, శుక్రుడు ఇంకో పెసరగింజ, అంగారకుడు ఆవగింజ, గురుడు నిమ్మకాయ, శని ఉసిరికాయ, యురేనస్, నెప్ట్యూన్ చెరో కుంకుడు గింజ. అన్నీ కాగితం పొట్లాల్లో కట్టుకుని ఆదివారం పొద్దున్న ఐదున్నరకి బెజవాడ వైపు నుంచి మొదలెట్టాం. పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడే డ్యూటీ వాళ్ళ నాన్నకి పడింది. నడకకి వచ్చినవాళ్ళు ప్రసాదం పంచుతున్నారనుకుని ఆయన దగ్గర ఆగారు కూడా.

మావాడి అడుగు అర మీటరు. బుధుడు 31 అడుగులకి వచ్చేశాడు, శుక్రుడు 58కి, భూమి 80కి, అంగారకుడు 122కి. ఇక్కడిదాకా హుషారే. భూమి పక్కన చందమామని ఎక్కడ పెట్టాలో తెలుసా, పది సెంటీమీటర్ల దూరంలో. మనుషులు ఇప్పటిదాకా వెళ్ళింది ఆ బెత్తెడు దూరమే. తర్వాత గురుడి కోసం ఇంకో మూడొందల అడుగులు. "ఇంకా రాలేదేంటమ్మా" అని అడగడం అక్కడే మొదలైంది. శనికి 766. యురేనస్‌కి వెయ్యిన్నర దాటాయి, చిన్నది ఎత్తుకోమని పేచీ. నెప్ట్యూన్ 2,400 దగ్గర, సీతానగరం వైపు. వెనక్కి తిరిగి చూస్తే పళ్ళెమూ లేదు, వాళ్ళ నాన్నా కనపడలేదు. ఈ లెక్కలో వెలుతురు సెకనుకి ఎనిమిది సెంటీమీటర్లు పాకుతుందని, పళ్ళెం దగ్గర బయల్దేరితే మనం నిలబడ్డ చోటుకి రావడానికి నాలుగు గంటలు దాటుతుందని చెప్పాను. మావాడు కాసేపేం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు భూమి పొట్లం జారి పెసరగింజ ఫుట్‌పాత్ పగుళ్ళలో పడింది, ఎంత వెతికినా దొరకలేదు. "భూమి పోయిందమ్మా" అని చిన్నది ఏడుపు.

గుంటూరు వాళ్ళకి బ్యారేజీ లేదని బెంగక్కర్లేదు. కొలతలన్నీ సగం చేసుకుంటే వాలీబాల్ కన్నా కాస్త చిన్న బంతి సూర్యుడవుతుంది, భూమి ఆవగింజ, ట్రాఫిక్ లేని 600 మీటర్ల రోడ్డు దొరికితే చాలు.

బ్యారేజీ దూరం చూపిస్తుంది గానీ కాలం చూపించదు. అందుకు మా అత్తగారున్నారు. స్కూలు పుస్తకంలో బృహస్పతి అన్నదే ఆవిడ నోట గురుడు. గురుడు కన్యారాశిలోకి వస్తే కృష్ణా పుష్కరాలు, 2016లో వచ్చాయి, మళ్ళీ 2028లో. అంటే గురుడు సూర్యుణ్ణి చుట్టడానికి దాదాపు పన్నెండేళ్ళు, పిల్లలకి వేరే బట్టీ అక్కర్లేదు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు, మూడు రాశులకి. పన్నెండు రాశులకి లెక్కేస్తే ముప్ఫై ఏళ్ళు, శని తిరిగేది ఇరవై తొమ్మిదిన్నరేళ్ళకి. మూఢం వచ్చింది, ముహూర్తాలు లేవంటారే, గురుడో శుక్రుడో మన చూపుకి సూర్యుడి పక్కకి చేరి ఆ వెలుగులో కనపడకుండా పోవడమే అది. జాతకాలు నమ్మాలా వద్దా అన్నది వేరే గొడవ, నేను నమ్మను, ఆవిడ నమ్ముతారు. కానీ నవగ్రహాలూ సైన్సు పుస్తకంలో గ్రహాలూ ఒకటి కాదని మాత్రం మొదటిరోజే చెప్పేయాలి. గుళ్ళో తొమ్మిదిమందిలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు సూర్యచంద్రుల దారులు ఒకదాన్నొకటి దాటే చోట్లు. అసలు భూమే లేదు. యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో దొరికాయి. ప్లూటోని 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు, ఇప్పుడు ఎనిమిదే.

మూడో తరగతి పిల్లకి బ్యారేజీ అంతా నడవడం ఎక్కువే, శని దగ్గర ఆపేసి టిఫిన్ పెట్టించాల్సింది. పదేళ్ళు దాటినవాళ్ళయితే ముందు బ్యారేజీ, తర్వాతే డాబా, మిగిలిన టైముంటే వీడియోలు.

ఇప్పుడు ఇంట్లో వయసుల లెక్క నడుస్తోంది. మావాడికి పదకొండేళ్ళు, గురుడి లెక్కన ఇంకా ఏడాది నిండలేదు. వాళ్ళ నాయనమ్మకి అరవై ఆరు. "శని లెక్కన నీకు రెండేళ్ళు దాటాయి నాయనమ్మా, యురేనస్ లెక్కన ఇంకా ఒకటో పుట్టినరోజే రాలేదు" అని మావాడు చెబితే, "శని మాట నా దగ్గర ఎత్తకు, ఆ రెండోదే ఖాయం చెయ్యి" అన్నారావిడ.