ఎనిమిది హార్డ్ డిస్కుల సర్వర్ కట్టిస్తున్నారా? లోపలి పవర్ వైర్లు చూడకుండా డబ్బు కట్టకండి

విశాఖలోనో బరంపురంలోనో షాపులో అసెంబుల్ చేయించి ఇంట్లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకుందామనుకునే వాళ్ళకి ఈ హెచ్చరిక. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, పెళ్ళి వీడియోల పని. ఇటు గుణుపురం, కాశీనగర్ నుంచి అటు పాతపట్నం, టెక్కలి దాకా పార్టీలున్నారు. ఫుటేజీ దాచడానికి ఎనిమిది డిస్కులు పట్టే బాక్సు విశాఖలో ఒక షాపులో కట్టించాను. షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

ఎండాకాలం వచ్చేసరికి బాక్సు వేషాలు మొదలుపెట్టింది. కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే ఒక్కోసారి ఒక డిస్కు కనబడేది కాదు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే వచ్చేసేది. చివరికి ఒక రాత్రి నాలుగు డిస్కులు ఒకేసారి మాయం. డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే రెయిడ్-6 పద్ధతి రెండు డిస్కులు పోతే తట్టుకుంటుంది, నాలుగంటే చేతులెత్తేస్తుంది. సైడ్ ప్యానెల్ తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. స్ప్లిటర్ (ఒక పవర్ కనెక్టర్‌ని నాలుగు డిస్కులకి పంచే వైరు) కొసన పసుపు తీగ మీది తొడుగు గోధుమరంగుకి తిరిగింది. కనెక్టర్ ఒక పక్క ఉబ్బిపోయి, లోపల పిన్నులు మసిబారాయి. లాగితే ఊడి రాలేదు, డిస్కు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది. ఆ డిస్కు పోయింది. మిగతా మూడూ వేరే వైరుకి తగిలిస్తే లేచాయి కాబట్టి ఫుటేజీ దక్కింది. పోయిన డిస్కుకి వారంటీ ఉన్నా, కాలిన మరక చూసి సర్వీస్ సెంటర్ వాళ్ళు తిప్పి పంపేశారు.

షాపుకి ఫోన్ చేస్తే ఓనరు చెప్పిన మాట: "మీ ఒడిశా కరెంటుకి ఏ మిషనైనా పోద్ది సార్." మిషన్ యూపీఎస్ మీద ఉందండీ అంటే, "అయితే డేటా కేబుల్ లూజయ్యుంటుంది" అన్నాడు. అదీ కాదు. డిస్కుల స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నంబర్లవారీగా రాసుకునే లెక్క, తీశాను. డేటా కేబుల్ తేడా చేస్తే పెరిగేది 199వ నంబరు, అది కదల్లేదు. పవర్ హఠాత్తుగా తెగినప్పుడు పెరిగే 192వ నంబరు మాత్రం ఆ నాలుగు డిస్కుల్లోనూ పెరిగి ఉంది. తగాదా వస్తే ఈ రిపోర్టు పనికొస్తుంది, ముందే సేవ్ చేసి పెట్టుకోండి.

అసలు సంగతి లెక్కలో ఉంది. 3.5 అంగుళాల డిస్కు తిరుగుతున్నప్పుడు మామూలుగా ఏడెనిమిది వాట్లు తీసుకుంటుంది. కానీ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు, మోటారు స్పీడు అందుకునే లోపు, 12 వోల్టుల లైన్ మీద ఒక్కోటి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిదీ ఒకేసారి లేస్తే 16 ఆంపియర్లు, అంటే 190 వాట్ల పైమాటే. పవర్ సప్లై (గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలకి పంచే యూనిట్) దగ్గర అంత ఉండొచ్చు, అది వచ్చే దారి ఏది? డిస్కుకి కరెంటు అందించే సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, పిన్నుకి 1.5 చొప్పున మొత్తం 4.5 ఆంపియర్లే దాని పరిమితి. మా షాపాయన ఏం చేశాడంటే, సప్లై నుంచి వచ్చిన రెండు సాటా కనెక్టర్లకి ఒక్కోదానికి నాలుగు డిస్కుల స్ప్లిటర్ తగిలించేశాడు. నాలుగున్నర పట్టే చోట ఎనిమిది ఆంపియర్లు. డెమోలో ఏమీ కాలేదు, ఎందుకంటే షాపులో రెండు డిస్కులే పెట్టి చూపించాడు. మాకు వేసవిలో కరెంటు పోవడం మామూలే. ఎక్కువసేపు పోతే యూపీఎస్ సర్వర్‌ని ఆపేస్తుంది, కరెంటు రాగానే మళ్ళీ లేపుతుంది. లేచిన ప్రతిసారీ పిన్నులు వేడెక్కి, పట్టు వదులై, ఇంకా వేడెక్కుతాయి.

దానికి తోడు ఆ స్ప్లిటర్ మౌల్డెడ్ రకం. తీగల్ని అచ్చులో పెట్టి పైన ప్లాస్టిక్ పోసేస్తారు, లోపల పిన్ను పక్కకి జరిగినా బయటికి కనబడదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే 12 వోల్టుల పిన్ను పక్కనున్న గ్రౌండ్‌ని తాకుతుంది, అంతే. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకి మార్చే చవక అడాప్టర్లలోనూ ఇదే జబ్బు. తీగలు విడివిడిగా గాడిలో కూర్చుని, వెనక క్యాప్ నొక్కి మూసే రకం అడగండి. అది కూడా నేరుగా సప్లై నుంచి వచ్చే మోలెక్స్‌కి తగిలించాలి, ఎందుకంటే మోలెక్స్ పిన్ను సాటా పిన్ను కంటే చాలా ఎక్కువ కరెంటు మోస్తుంది. అన్నిటికంటే మేలు, కావలసినన్ని సాటా కనెక్టర్లు తనకే ఉన్న సప్లై కొనడం. కొనేటప్పుడు డబ్బా మీద వాట్లు చూసి మురిసిపోకండి. సప్లైకి అంటించిన స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చదవండి.

ఇంకో ప్రమాదం తృటిలో తప్పింది. గొడవ పెట్టుకుంటే షాపు వాళ్ళు వేరే కంపెనీ మాడ్యులర్ సప్లై (కేబుల్స్ ఊడదీసి తగిలించుకునే రకం) ఇస్తామని, "పాత కేబుల్సే వాడేసుకోండి, అన్నీ ఒకటే" అన్నారు. ఒకటి కాదండీ. డిస్కు వైపు కొస అందరిదీ ఒకేలా ఉంటుంది గానీ, సప్లై వైపు ఏ రంధ్రంలో ఏ వోల్టేజీ అన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది, ఒకే కంపెనీలో మోడల్‌కి మోడల్‌కీ మారొచ్చు. 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 వెళ్తే డిస్కులన్నీ ఒక్క స్విచ్‌తో పోతాయి. సప్లై మారిస్తే దానితో వచ్చిన కేబుల్సే వాడాలి. సెకండ్ హ్యాండ్ సప్లై కొనేవాళ్ళు ఈ మాట మరీ గుర్తుంచుకోండి.

వేడి సంగతికొస్తే, ముందు అద్దం ఉన్న క్యాబినెట్ అంటగట్టారు. లైట్లు బాగా వెలుగుతాయి, గాలి దూరదు. డిస్కులు ఒకదానికొకటి ఆనుకుని ఉండటంతో మధ్యవి మే నెలలో 58 డిగ్రీలు చూపించాయి. చాలా డిస్కులకి కంపెనీ ఇచ్చే గరిష్ఠ పరిమితి 60, 65. నలభై దాటగానే టెన్షన్ పడక్కర్లేదు. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల మీద రాసిన పేపర్లో, వేడికీ డిస్కులు పోవడానికీ అనుకున్నంత సంబంధం లేదని, మరీ ఎక్కువ వేడి దగ్గరే తేడా కనబడిందని తేల్చారు. 58 మాత్రం ఎవరి లెక్కలోనూ మంచిది కాదు. చిత్రమేమిటంటే ఫ్యాన్లు ఉన్నాయి, తిరగడం లేదు. మదర్‌బోర్డు ప్రాసెసర్ వేడిని చూసే ఫ్యాన్ స్పీడు పెంచుతుంది. డిస్కుల్లో డేటా సరిగా ఉందో లేదో చూసే రెయిడ్ చెకింగ్ నడుస్తుంటే ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, ఉడికేది డిస్కులు. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాన్ స్పీడు ఫిక్స్ చేసి, అద్దం పీకేసి, డిస్కుల గూడు చుట్టూ ఉన్న ఖాళీలకి అట్టముక్కలు అంటించాను. గాలి ఇప్పుడు డిస్కుల మధ్య నుంచే వెళ్తోంది, అదే గదిలో నలభైల మొదట్లోనే ఉంటున్నాయి.

బిల్లు మీద "సర్వర్ 1" అని రాస్తే ఒప్పుకోకండి. సప్లై మోడల్, క్యాబినెట్ మోడల్, స్ప్లిటర్లు వాడితే ఆ సంగతీ రాయించండి. డిస్కులన్నీ పెట్టాకే డెమో అడగండి. షాపు ఆంధ్రాలో ఉంది, మనం ఒడిశాలో ఉన్నాం, ఏం చేస్తాంలే అని వదిలేయకండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అప్పటి నుంచి షాపాయన ఒడిశా కరెంటు ఊసెత్తడం లేదు, స్ప్లిటర్ మార్చి ఇస్తానంటున్నాడు. స్ప్లిటర్ వద్దు, సప్లై కేబుల్స్‌తో సహా మార్చి పోయిన డిస్కు ఖరీదు కట్టమన్నాను. ఈ నెలాఖరులోపు తేల్చకపోతే మా గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను.